ఇంటి జంతువులు – పశువైద్యుడు – పంచాయతీ

గడచిన వేసవిలో ప్రచార కార్యక్రమము నిమిత్తము మేము ఒక గ్రామమునకు పోయియుంటిమి. పంచాయతీ కార్యాలయము అరుగుమీద నలుగురు గుమిగూడి యుండిరి. నడుమ ఒక కుక్క. దాని క్రింది దవడ వ్రేలాడుచున్నది. నోటినుండి చొంగ తీగలుగా కారుచున్నది. మొరుగబోవును గాని గొంతు పెగలదు. ముందు నీళ్ళు పెట్టినచో మూతి ముంచును గాని మ్రింగలేదు. "ఎముక అడ్డుపడిందండీ, నిన్న కోడికూర వండుకున్నాం" అని యజమాని చెప్పి, చొక్కా చేయి పైకి మడిచి, దాని గొంతులో చేయి పెట్టుటకు సిద్ధపడుచుండెను.

ఇంతలో వార్డు సభ్యురాలొకరు అడ్డు వచ్చి, "ఆగు అన్నా, చెయ్యి పెట్టకు. ముందు డాక్టరు గారిని అడుగుదాం" అని పశువైద్యునికి ఫోను చేసిరి. ఆయన రెండే ప్రశ్నలు అడిగెను. కుక్కకు పిచ్చికుక్క టీకా వేయించినారా? ఈ రెండు మూడు నెలలలో దానిని వేరొక కుక్క కరిచినదా? టీకా వేయించలేదు, కరిచిన సంగతి ఇంటిలోని చిన్నవానికి జ్ఞాపకమున్నది. "ఎవరూ ముట్టుకోవద్దు, పిల్లలను దూరంగా పంపండి, వస్తున్నాను" అని ఆయన రెండు గంటలలోపుగా వచ్చెను. కుక్క మూడవ నాటికి చనిపోయినది. మెదడు నమూనాను పరీక్షకు పంపగా రేబీసు అని తేలినది. దాని చొంగ తగిలిన ఇంటివారును, ప్రక్కింటి పిల్లవాడును ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో టీకాలు పూర్తిగా వేయించుకొని క్షేమముగా నున్నారు.

ఆ సభ్యురాలికి వైద్యశాస్త్రము తెలియదు. ఎవరిని అడుగవలెనో, ఎప్పుడు అడుగవలెనో తెలిసియుండెను. ఈ వ్యాసములో మేము పంచాయతీ సభ్యుల ముందుంచదలచిన విషయమును అదియే.

పశుసంవర్ధనము, పాడి, కోళ్ళ పెంపకము గ్రామ పంచాయతీలకు అప్పగింపదగిన అంశములలో చేరియున్నవని సభ్యులు ఎరుగుదురు. 73వ రాజ్యాంగ సవరణవలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో అది 4వ అంశము. అయితే పశువైద్యుడనగా ఎద్దునకు, గేదెకు, గొఱ్ఱెకు మందిచ్చువాడనియే మన పల్లెలలో తలంపు. వాకిట పడియుండు కుక్కకు, వంటింట తిరుగు పిల్లికి జబ్బు చేసినప్పుడు డాక్టరును పిలిచిన నలుగురు నవ్వుదురేమో యను సంకోచము కూడ కలదు. పశువైద్య పట్టా విద్య శిక్షణ కాలముతో కూడ 5½ సంవత్సరములు. ఆ కాలములో విద్యార్థి ఆవును, గేదెను గురించి ఎంత నేర్చుకొనునో కుక్కను, పిల్లిని, కోడిని గురించియు అంత నేర్చుకొనును. మండలములోని పశువైద్యశాలకు కుక్కను తీసికొని పోవుట ఎవరికిని అనుగ్రహము కాదు. దానిని చూచుట ఆ వైద్యశాల చేయవలసిన పనియే.

ఎవరు వైద్యుడు, ఎవరు సహాయకుడు

గ్రామములో జంతువులకు సూది వేయువారు అనేకులు కనబడుదురు. పట్టభద్రుడైన పశువైద్యుడు ఒకరు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రములను అంటిపెట్టుకొని పనిచేయు పశుసంవర్ధక సహాయకులు వేరొకరు. ఉభయ తెలుగు రాష్ట్రములలోను గోపాలమిత్రలు కలరు. వీరు ముఖ్యముగా కృత్రిమ గర్భధారణ పనికి శిక్షణ పొందినవారు. వీరుగాక ఏ శిక్షణయు లేక, ఎవరివద్దనో కొన్నాళ్ళు సంచి మోసి, పిదప తామే డాక్టర్లమని చెప్పుకొని తిరుగువారు మరికొందరు.

ఈ తేడాను 1984వ సంవత్సరపు భారత పశువైద్య మండలి చట్టము స్పష్టపరచినది. పశువైద్య పట్టా పొంది, రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించుకొన్నవారు మాత్రమే పశువైద్యము చేయుటకు అర్హులు. డిప్లొమా గాని, ధ్రువపత్రము గాని పొందిన సహాయకులకు రాష్ట్ర ప్రభుత్వము అనుమతి నీయవచ్చును. ఐతే వారు నమోదైన వైద్యుని పర్యవేక్షణలో టీకాలు వేయుట, విత్తులు కొట్టుట, పుండ్లకు కట్టు కట్టుట వంటి చిన్న సేవలు మాత్రమే చేయవలెను. సహాయకులను తక్కువగా చూడుమని మా అభిప్రాయము కాదు. గ్రామములోనే నివసించి, తెల్లవారుజామున పిలిచినను వచ్చువారు వారే. కాని ఈనలేక బాధపడు కుక్కకు కడుపు కోసి పిల్లలను తీయవలసి వచ్చినప్పుడు, మూర్ఛలు వచ్చు కుక్కకు ఏ జబ్బో తేల్చవలసినప్పుడు, మంచి సహాయకుడు తానే "ఇది నా పని కాదు, డాక్టరు గారికి ఫోను చేద్దాం" అనును. ఆ మాట అనువానిని గ్రామము నిలుపుకొనవలెను.

మూడవ రకమువారి సంగతి వేరు. కుక్కపిల్ల రక్తవిరేచనములతో పడియున్నది. వచ్చినవాడు "వేడి చేసింది" అని మూడు రోజులు మూడు సూదులు వేసి డబ్బు తీసికొనును. నాలుగవ నాడు పిల్ల చనిపోవును. ఇది మేము అనేక గ్రామములలో విన్న కథ. ఆ జబ్బు పేరు పార్వో. ఆరు వారములనుండి ఆరు నెలల వయస్సు గల పిల్లలకు ఎక్కువగా వచ్చును. దానికి తగిన టీకా కలదు. జబ్బు వచ్చిన తరువాత ప్రాణము నిలుపునది శరీరము కోల్పోయిన నీటిని సెలైను ద్వారా తిరిగి ఎక్కించుటయే. అందుచేత మొదటి రోజు విలువ మూడవ రోజునకు ఉండదు. ఆ వైరసు ఇంటి పెరటి మట్టిలో నెలల తరబడి నిలిచియుండును గనుక, ఒక పిల్ల చనిపోయిన ఇంటికి టీకా వేయని మరియొక పిల్లను వెంటనే తెచ్చుటయు మంచిది కాదు.

ఇంటి మందుల విషయములో ఒక హెచ్చరిక. మనుష్యుల జ్వరపు మాత్రయైన పారసిటమాల్ పిల్లికి విషము. ఒక్క మాత్ర చాలును ప్రాణము తీయుటకు. నొప్పి మాత్రలలో ఐబుప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండములను పాడుచేయును. గజ్జి పట్టిన కుక్కకు ఇంజనులో వాడిన పాత నూనె పూయు అలవాటు మన రోడ్ల ప్రక్క ఊళ్ళలో మిక్కిలిగా కలదు. కుక్క దానిని నాకును; చర్మము గుండ కూడ అది లోనికి పోవును. గజ్జికి ఇప్పుడు మంచి మందులున్నవి. వాటిని కుక్క బరువును బట్టి ఇయ్యవలెను. ఎద్దునకు వేయు సూదిమందును "కొంచెము" కుక్కపిల్లకు వేసిన, ఆ కొంచెమెంతయో ఎవరికిని తెలియదు.

పశువుల నొప్పి మందుల వలన ఎంత దూరము చెడుపు జరుగగలదో రాబందులు చెప్పును. ఒకప్పుడు ఊరి వెలుపల కళేబరము పడినచో ఆకాశము నిండ దిగెడి ఆ పక్షులను నేటి పిల్లలు చాలమంది చూడలేదు. డైక్లోఫినాక్ మందు వేసిన పశువు చనిపోగా దానిని తిని అవి నశించినవని తేలినపిమ్మట, 2006లో ఆ మందును పశువైద్యమున వాడరాదని ప్రభుత్వము నిషేధించినది. కీటోప్రోఫెన్, ఏసిక్లోఫినాక్ మందులను 2023లో నిషేధించినది. మందుల దుకాణములో అడిగి తెచ్చుకొనుటకు బదులు వైద్యుని చీటీ ఎందుకు కావలెనో దీనివలన తెలియగలదు.

ఎన్నుకొనుట యెట్లు

పల్లెలో ఎన్నుకొనుట అను మాటకు అంత చోటు లేదు. ఉన్నది ఒక ప్రభుత్వ పశువైద్యుడు. ఆయనకు పది ఊళ్ళు. పట్టణము దగ్గర నున్న గ్రామములకు ప్రైవేటు వైద్యులును అందుబాటులో నుందురు. అచ్చట మొదటగా చూడవలసినది మండలి నమోదు. ఆ నమోదు సంఖ్యను అడుగుట అమర్యాద కాదు. నిజమైన వైద్యుడు దానికి కోపగించుకొనడు.

తరువాత చూడవలసినది ఆయన పని తీరు. మంచి వైద్యుడు సూది తీయకముందు అడుగును, చూచును, తాకును, వేడి కొలుచును. కుక్కకు సహజముగా 101 నుండి 102½ డిగ్రీల ఫారన్‌హీటు వేడి యుండును గనుక, ఒళ్ళు వెచ్చగా తగిలినంత మాత్రమున జ్వరము కాదని ఆయన చెప్పును. బరువు తూచును, లేదా అంచనా కట్టును. ఏ మందు, ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అగునో ముందుగా చెప్పి, చీటీమీద వ్రాసి ఇచ్చును. టీకామందును మంచుపెట్టెలోనుండి తీయును. ఏలనన టీకాలు 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు చల్లదనములో నుండనిచో శక్తి కోల్పోవును. చొక్కా జేబులోనుండి టీకా సీసా తీసి వేయువానికి ఎంత అనుభవమున్నదని చెప్పినను ఆ టీకాను నమ్మరాదు. సీసా మీది గడువు తేదీని మనమే చదువవచ్చును.

తనకు అలవికానిదానిని పై వైద్యశాలకు పంపువాడును మంచి వైద్యుడే. మండల పశువైద్యశాలకు పైన ప్రాంతీయ పశువైద్యశాలలు కలవు. పశువైద్య కళాశాలలకు అనుబంధముగా బోధన వైద్యశాలలు కలవు. 1955లో స్థాపించిన తిరుపతి కళాశాల, గన్నవరము, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలు ఆంధ్రప్రదేశ్‌లోను, రాజేంద్రనగరు, కోరుట్ల, మామునూరు కళాశాలలు తెలంగాణలోను ఉన్నవి. అచ్చటికి పోవునప్పుడు స్థానిక వైద్యుని చీటీ వెంట నుండిన, మొదటినుండి మరల చెప్పుకొనవలసిన శ్రమ తగ్గును.

ఇచ్చట మన తప్పును కూడ ఒప్పుకొనవలెను. సూది వేయక, మేత మార్చి చూడుమని చెప్పి పంపిన డాక్టరును "ఏమీ చెయ్యలేదు" అందుము. రెండు సూదులు వేసి డబ్బు ఎక్కువ తీసికొన్నవానిని "హస్తవాసి గలవాడు" అందుము. ఇట్టి మెచ్చుకోలు వలననే అనవసరముగా సూదులు వేయువారు వృద్ధి పొందుచున్నారు.

వైద్యునితో పనిచేయుట

పశువైద్యునికి రోగి నోరు విప్పి చెప్పుకొనదు. ఇంటివారు చెప్పు నాలుగు మాటలే ఆయనకు ఆధారము. కావున పిలుచునప్పుడే ఈ సంగతులు సిద్ధముగా నుంచుకొనవలెను: జంతువు వయస్సెంత, ఎన్ని రోజులనుండి మేత మానినది, నీళ్ళు త్రాగుచున్నదా, విరేచనము, మూత్రము ఎట్లున్నవి, క్రొత్తగా ఏమైన తిన్నదా, పొలములో పురుగుమందు కొట్టినారా, ఎలుకలమందు పెట్టినారా, చివరి టీకా ఎప్పుడు, ఇదివరకు ఎవరైన మందు ఇచ్చినారా. ఈ కడపటిదానిని దాచుట మన అలవాటు. నాటువైద్యుడు ఏదో పోసినాడని చెప్పిన డాక్టరు కోప్పడునని భయము. కోప్పడినను నష్టములేదు, తెలియక మరియొక మందు వేసిన ప్రమాదము అంతకంటె పెద్దది. పురుగుమందు అనుమానమున్నచో ఆ డబ్బాను గాని, దాని చీటీని గాని తప్పక చూపవలెను. ఏ మందు తిన్నదో తెలిసినచో చికిత్స వెంటనే ఆరంభింపవచ్చును.

మూడు రోజులు ఊరకుండి నాలుగవ రాత్రి పదకొండు గంటలకు ఫోను చేయుట సభ్యులలో చాలమందికి అనుభవమే యుండును. ఉదయము వైద్యశాల వేళకు జంతువునే తీసికొనిపోవుట ఉత్తమము. కుక్కను గొలుసుతోగాని, పిల్లిని మూతగల బుట్టలోగాని తీసికొని పోవలెను. ఎంత సాధువైన కుక్కయైనను నొప్పిలో కరచును. వెడల్పాటి గుడ్డపీలికతో మూతిని చుట్టి చెవుల వెనుక ముడి వేయుట డాక్టరుకును, మనకును క్షేమము. వాంతులు చేసుకొనుచున్నప్పుడు గాని, ఆయాసపడుచున్నప్పుడు గాని మూతి కట్టరాదు. పట్టుకొనుటకు దానికి అలవాటైన మనిషియే వెంట నుండవలెను, పిల్లవానిచేతికిచ్చి పంపరాదు.

జంతువును కదల్పలేని పరిస్థితిలో 1962 అను నంబరుకు ఫోను చేయవచ్చును. దేశమంతట సంచార పశువైద్య సేవలకు ఇదే నంబరు. తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ఈ సంచార వాహనములు ఆరంభమైనవి. ఆ నంబరును పంచాయతీ కార్యాలయము గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ఖర్చు లేదు. దానిక్రింద స్థానిక పశువైద్యుని నంబరును, సహాయకుని నంబరును వ్రాయింపవలెను.

ఇక ఒక మాట మొగమాటము లేకుండ చెప్పవలసియున్నది. వైద్యుడు గ్రామమునకు వచ్చిన రోజున ముందుగా సర్పంచు ఇంటికో, పెద్దల ఇంటికో పోవలెనని ఎదురుచూచుట కొన్ని చోట్ల మేము చూచితిమి. ఆరోగ్యముగా నున్న గేదెను చూపి, బలమునకు సూది వేయుమందురు. ఆ సమయములో వాడ చివర ఒక పేదరాలి మేక ఈనలేక చచ్చును. వైద్యుని రాకను ముందురోజే చాటించి, రచ్చబండ వద్దనో, పాఠశాల వెనుకనో ఒకే స్థలమున అందరి జంతువులను చూపించు ఏర్పాటు పంచాయతీయే చేసినచో, ఎవరి యింటికి ముందు అను ప్రశ్నయే పుట్టదు.

పిచ్చికుక్క కాటు

రేబీసును గూర్చి సభ్యులకు క్షుణ్ణముగా తెలిసియుండవలెను. లక్షణములు బయటపడిన తరువాత ఆ జబ్బునుండి బ్రదుకుట దాదాపు అసాధ్యము. మనుష్యులకు వచ్చు రేబీసులో నూటికి 99 పాళ్ళు కుక్కలవలననే వచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కాటుపడువారిలో పిల్లలు ఎక్కువ. అయినను కాటు పడిన వెంటనే చేయవలసిన పనులు చేసినచో దానిని పూర్తిగా నివారింపవచ్చును. లూయీ పాశ్చరు 1885 జూలై 6న ఒక బాలునికి మొదటి టీకా వేసిననాటినుండి ఇది రుజువైన సంగతి.

కరిచిన వెంటనే ధారగా పారు నీటితో, సబ్బుతో, 15 నిమిషములు గాయమును కడుగవలెను. గడియారము చూచి కడుగవలెను, ఏలనన రెండు నిమిషములే పదిహేనుగా తోచును. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి ఏదియు పెట్టరాదు. కట్టు కట్టరాదు. తరువాత వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. "బొడ్డు చుట్టూ పదునాలుగు సూదులు" అను భయము ఇంకను పల్లెలలో పోలేదు. గొఱ్ఱె మెదడునుండి చేసిన ఆ పాత టీకా తయారీ మన దేశములో 2004లోనే ఆగిపోయినది. ఇప్పటి టీకా చేతికి వేయుదురు. చర్మములోనికి వేయు పద్ధతిలో మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజులలో వేయుదురు. రక్తము వచ్చునట్లు కరిచినచో గాయములోపల వేరొక మందు కూడ వేయవలసియుండును. దానిని కూడ అడిగి వేయించుకొనవలెను. రెండు సూదులతో మానుకొన్నవాడు కాపాడబడినట్లు కాదు.

కరిచిన కుక్కను కొట్టి చంపుట మన ఊళ్ళలో మొదటి పని. అది పొరపాటు. దానిని బంధించి 10 రోజులు పరిశీలించినచో, ఆ గడువులో అది ఆరోగ్యముగా నిలిచిన, కరిచిననాడు దాని చొంగలో వైరసు లేదని తెలియును. టీకా మాత్రము ఆ పదిరోజులకొరకు ఆపరాదు. పరిశీలన పశువైద్యుని పని, టీకా ఆరోగ్య కేంద్రపు పని. ఈ రెండు శాఖలకును ఒకేసారి కబురంపువారు పంచాయతీవారు కావలెను.

ఆవు, గేదె కూడ కుక్కకాటువలన ఈ జబ్బు పాలగును. మేత మ్రింగలేదు, చొంగ కార్చును, బొంగురు గొంతుతో అదేపనిగా అరచును. అప్పుడు రైతు గొంతులో మామిడిటెంకో, వంకాయో అడ్డుపడినదనుకొని భుజము దాక చేయి పెట్టును. మేము మొదట చెప్పిన యజమాని చేయబోయినదియు ఇదియే. మ్రింగలేని జంతువు నోటిలో, అది ఏదైనను సరే, వైద్యుడు వచ్చువరకు చేయి పెట్టరాదు. అట్టి పశువు పాలు త్రాగితిమను భయముతో ఊరంతయు ఆస్పత్రికి పరుగెత్తిన సందర్భములు గలవు. కాచిన పాలవలన రేబీసు సోకదు. అయినను అనుమానము కలిగిన క్షణమునుండి ఆ పాలను వాడరాదు. పచ్చిపాలు త్రాగినవారు ఆరోగ్య కేంద్రములో సలహా పొందవలెను. కుక్క కరిచిన పశువునకు లక్షణములు రాకముందే వరుస టీకాలు వేయింపవచ్చును గనుక, కరిచిన రోజుననే వైద్యునికి చెప్పవలెను.

పంచాయతీ చేయవలసినవి

1960వ సంవత్సరపు జంతు హింసా నివారణ చట్టము క్రింద 2023లో క్రొత్త జనన నియంత్రణ నియమములు వచ్చినవి. వీధికుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స, రేబీసు టీకా చేయించు బాధ్యత స్థానిక సంస్థలది; పంచాయతీలును అందులో చేరును. విషము పెట్టి చంపుట నేరము. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను క్రింద దానికి శిక్ష కలదు. నేరమన్న మాట అటుంచి, చంపుట వలన ఊరికి లాభమును లేదు. ఖాళీ అయిన చోటికి పొరుగూరి కుక్కలు వచ్చును, వాటికి టీకా ఉండదు. ఒక ప్రాంతపు కుక్కలలో నూటికి 70 వాటికి ఏటేట టీకా పడినచో జబ్బు వ్యాప్తి ఆగిపోవునని లెక్క. మన దేశమును 2030 నాటికి కుక్కలవలన వచ్చు రేబీసునుండి విముక్తము చేయవలెనని జాతీయ కార్యప్రణాళిక 2021లో ప్రకటింపబడినది.

ఆడకుక్క సుమారు 63 రోజులు మోసి ఈనును. ఏడాదికి రెండు మారులు ఎదకు రావచ్చును. పెంచుకొనుటకు మగపిల్లను ఉంచుకొని, ఆడపిల్లలను గోనెసంచిలో ఊరి పొలిమేరలో వదలి వచ్చుట మనవారి పద్ధతి. వీధికుక్కలు పుట్టుచున్న చోటు అదే. పెంపుడు ఆడకుక్కకు శస్త్రచికిత్స చేయించు యజమానిని పంచాయతీ ప్రోత్సహింపవలెను. కోడిమాంసపు దుకాణముల వ్యర్థములు రోడ్డు ప్రక్క పడవేయుట ఆపించుట కూడ కుక్కల సమస్యకు చెందినదే.

2009వ సంవత్సరపు పశువుల అంటువ్యాధుల నివారణ చట్టము సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనదగినది. షెడ్యూలులో చేరిన జబ్బు అనుమానము కలిగినచో యజమాని గ్రామాధికారికో, పంచాయతీకో తెలుపవలెను. వారు దగ్గరి పశువైద్యునికి వ్రాతమూలముగా తెలుపుదురు. రేబీసు, దొమ్మ, గాలికుంటు వంటి జబ్బులు ఆ షెడ్యూలులో నున్నవి. ఫోను చేసి ఊరకుండక ఒక కాగితము వ్రాసి నకలు దాచుకొనుట మంచిది.

ఇక టీకా శిబిరము. పిల్లకు మూడు నెలలు నిండగనే మొదటి రేబీసు టీకా, పిదప వైద్యుడు చెప్పిన నాటికి రెండవది, ఆ తరువాత ఏటేట ఒకటి. పాశ్చరు వర్ధంతియైన సెప్టెంబరు 28ని రేబీసు దినముగా పాటించుచున్నారు. జూలై 6న జంతువులనుండి మనుష్యులకు సంక్రమించు వ్యాధుల దినము. ఈ రోజులలో పశుసంవర్ధక శాఖవారు ఉచిత శిబిరములు నడుపుదురు. శిబిరమునకు ఒక నెల ముందుగానే పంచాయతీ తీర్మానము చేసి వైద్యునికి పంపి, ఇంటింటి కుక్కల పట్టీ వ్రాయించి, ఎన్ని మోతాదులు కావలెనో చెప్పినచో ఆయనకు మందు తెప్పించుట సులభమగును. ముందురోజు సాయంకాలము, మరల ఆ ఉదయము టముకు వేయింపవలెను. నీడ, నీళ్ళు, సబ్బు, బల్ల, పట్టుకొనుటకు ఇద్దరు ధైర్యవంతులు సిద్ధముగా నుండవలెను. టీకా వేసిన ప్రతి కుక్కకును కార్డు ఇప్పించి, యజమాని పేరు పంచాయతీ పుస్తకములో ఎక్కించుకొనవలెను. మరు సంవత్సరము ఆ పుస్తకమే పట్టీ అగును.

మేము మొదట చెప్పిన గ్రామములో ఆ సంఘటన జరిగిన నెలలోపుననే శిబిరము పెట్టిరి. ఉదయము పది గంటలకు పెట్టుటవలన సగము మంది కూలికి పోయిరి, కుక్కలు వారి వెంట పోయినవి. గొఱ్ఱెల కాపరుల కుక్కలు ఒక్కటియు రాలేదు. మందలతో అవి కొండ దిగువన నున్నవి. రాత్రివేళ నక్కలతోను, అడవి కుక్కలతోను పోరాడునవి అవే. ఆ వార్డు సభ్యురాలు ఈ సంగతి చెప్పగా, పశువైద్యుడు మరుసటి ఆదివారము తెల్లవారుజామున అయిదు గంటలకు మంచుపెట్టెను మోటారుసైకిలు వెనుక కట్టుకొని మందల వద్దకే పోయెను. కాపరులు తమ కుక్కలను పేరు పెట్టి పిలిచి పట్టుకొనిరి.